వెబ్‌సైటు పుటలు మార్చిన పిమ్మట స్థానిక వెదుకులాటలో సంఘము స్థానము

విత్తనములు, ఎరువులు, ట్రాక్టరు అద్దె, గిడ్డంగి వసతి మున్నగువానిని గూర్చి సభ్యులకు తెలియజేయుటకై వెబ్‌సైట్లు పెట్టుకొనిన సహకార సంఘములు కొన్నేండ్లకొకసారి వానిని క్రొత్తగా తీర్చుకొనుట సహజమే. పాత పని చేసినవారు వెడలిపోవుదురు. క్రొత్తవారు వచ్చి, రూపు మార్చి, పుటలను తమకు తోచిన వరుసలో సర్దుదురు. చూచుటకు వెబ్‌సైటు ఇంపుగానే యుండును. కాని నెల రెండు నెలలు గడచునప్పటికి కార్యాలయమునకు వచ్చు ఫోనులు తగ్గుటయు, ‘దగ్గరలో విత్తనాలు’ అని గూగుల్‌లో వెదకినవారికి సంఘము పేరు కానరాక ప్రక్క వీథిలోని వ్యాపారి పేరు కానవచ్చుటయు సంభవించును. దీనికి కారణమేమి, ప్రతిక్రియ ఏమి అను విషయమును ఈ సంచికలో కొంత వివరముగా వ్రాయదలచినాము.

ఇది వేడుకకు సంబంధించిన ముచ్చట కాదు. తొలకరి వాన పడిన వారములో రైతు విత్తనమునకై వెదకును. ఆ వారములో సంఘము కంటబడనిచో అతడు వ్యాపారి కొట్టులో అప్పు మీద కొనును. సంఘపు గిడ్డంగిలో సరకు నిలిచిపోవును. ఆ సరకు కొనుటకై తెచ్చిన పెట్టుబడి మీద వడ్డీ మాత్రము నిలువదు. విత్తనము అప్పు తెచ్చుకొనిన చోటనే ఎరువును, పురుగుమందును గూడ తెచ్చుకొనుట పల్లెలలో వాడుక గనుక ఆ ఒక్క వారపు నష్టము పైరు కోతకు వచ్చువరకు సభ్యుని వెన్నాడుచుండును.

ముందుగా స్థానిక వెదుకులాట యనగా నేమో చెప్పవలెను. ఒకరు గూగుల్‌లో ‘యూరియా ఎక్కడ దొరుకుతుంది’ అని గాని, ‘వరి విత్తనాలు తెనాలి’ అని గాని వ్రాసినప్పుడు సాధారణముగా రెండు విధములైన జవాబులు వచ్చును. పైన ఒక చిన్న పటమును, దాని క్రింద కొన్ని సంస్థల పేర్లును, వాని ఫోను నంబర్లును ఉండును. దానికి దిగువ మామూలు వెబ్‌సైటు పుటల జాబితా యుండును. పటముతో కూడిన జాబితాలో 2015 ఆగస్టునకు పూర్వము ఏడు పేర్లు చూపెడివారు. నాటినుండి సాధారణముగా మూడే చూపుచున్నారు. ఏడింటి కాలములో ఆరవ స్థానమున నున్నను కొంత బేరము వచ్చెడిది. ఇప్పుడు నాలుగవ స్థానమున నున్న సంఘమును చూడవలెనన్న రైతు మఱియొకసారి నొక్కి జాబితా విప్పవలెను; పొలము గట్టున నిలుచుండి వెదకువారికి అంత ఓపిక యుండదు.

ఈ స్థానములను ఎవరి కీయవలెనను విషయమున గూగుల్ వారు ప్రకటించిన ప్రమాణములు మూడు. అడిగినదానికిని సంస్థ చేయు పనికిని గల సంబంధము మొదటిది. అడిగినవారు ఉన్న చోటికిని సంస్థకును గల దూరము రెండవది. సంస్థకు గల ప్రసిద్ధి మూడవది. ప్రసిద్ధి యనగా ఇతర వెబ్‌సైట్లు ఆ సంస్థకు ఇచ్చిన లింకులు, దానిని గూర్చిన వ్రాతలు, వాడుకరులు వ్రాసిన సమీక్షలు, ఇచ్చిన నక్షత్రములు మొదలగువానినిబట్టి కట్టెడి లెక్క. సొమ్ము పుచ్చుకొని ఈ వరుసను మార్చు పద్ధతి తమ యొద్ద లేదని వారే స్పష్టముగా చెప్పియున్నారు. పైకమిచ్చి వేయించు ప్రకటనలు వేరు. అవి ప్రకటనలేయని వానిపై గుర్తు ఉండును. ‘మీ సంఘమును మొదటి స్థానమునకు ఎక్కించెదము, ఇంత రుసుము’ అని ఫోను చేయువారితో మాటలాడునప్పుడు కార్యదర్శులు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

దూరమును మనము మార్చజాలము. తక్కిన రెండును, అనగా సంబంధమును ప్రసిద్ధియు, పుటలు మార్చినప్పుడు దెబ్బతినును. ఎట్లనగా, వెబ్‌సైటులోని ప్రతి పుటకును ఒక చిరునామా కలదు. రెవెన్యూ దస్తరములో పొలమునకు సర్వే నంబరు ఎట్టిదో గూగుల్ దస్తరములో పుటకు ఈ చిరునామా అట్టిది. ‘ధాన్యము ధరలు’ అను పుట ఐదేండ్లుగా ఒక చిరునామాయందుండి, జిల్లాలోని పత్రికయొకటి దానికి లింకు ఇచ్చి, వ్యవసాయమును గూర్చి వ్రాయువారు దానిని పేర్కొనుచుండినచో ఆ మంచిపేరంతయు ఆ చిరునామా ఖాతాలో జమయగును. పుటను మఱియొక చిరునామాకు మార్చి ఊరకున్నచో పాత ఖాతా మూతబడును. క్రొత్త ఖాతా సున్నతో మొదలగును. పుటలోని మాటలు ఒక్క అక్షరమైనను మారకపోయినను ఇంతే. పాత లింకు పట్టుకొని వచ్చిన సభ్యునికి 404 అను అంకెయు, ‘పుట కనబడలేదు’ అను వాక్యమును మాత్రము దక్కును.

ఇల్లు మారిన గృహస్థు తపాలా కచేరిలో అర్జీ పెట్టుకొనినచో పాత ఇంటికి వచ్చు ఉత్తరములను క్రొత్త ఇంటికి పంపుదురు గదా. వెబ్‌సైటు విషయమున అట్టి అర్జీకే 301 దారి మళ్లింపు అని పేరు. పాత చిరునామాను అడిగినవారికి సర్వరు ‘ఈ పుట శాశ్వతముగా ఫలానా చోటికి మారినది’ అని జవాబిచ్చును. బ్రౌజరు వెంటనే ఆ చోటికి పోవును. గూగుల్ యంత్రమును అట్లే పోయి, పాత ఖాతాలోని నిలువను క్రొత్త ఖాతాకు మార్చుకొనును. 308 అను అంకెకును ఇదే అర్థము. 302, 307 అనునవి తాత్కాలికపు మార్పునకు వాడవలసినవి. కార్యాలయమునకు సున్నము వేయుచున్నారని నాలుగు దినములు ప్రక్క గదిలో కూర్చుండుట వంటిది. శాశ్వతపు మార్పునకు 302 పెట్టినచో గూగుల్ పాత చిరునామానే అసలుదిగా నెంచుకొనవచ్చును. పని చేయువారు అలవాటు చొప్పున 302 పెట్టి పోవుట అరుదు కాదు గనుక అడిగి తెలిసికొనుట మంచిది. 301 పెట్టినను పుట విలువ కొంత తరుగునను భయము పూర్వముండెడిది. అట్టి తరుగు లేదని 2016లో గూగుల్ ఉద్యోగులు తెలియజేసిరి.

ఇక పనిలోకి దిగుదము. పుటలు మార్చుటకు ముందే ఒక చిట్టా వ్రాసికొనవలెను. ఎడమ వైపున పాత పుటల చిరునామాలు, కుడివైపున ఒక్కొక్కదానికి సరియైన క్రొత్త చిరునామా. పాతవి ఎన్ని యున్నవో తెలియుటకు వెబ్‌సైటు సైట్‌మ్యాపును, గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లోని పుటల జాబితాను చూడవలెను. వెబ్‌సైటు ఇదివరకే మార్చివేసి, పాత జాబితా ఎవరియొద్దను లేదన్న సంఘములును ఉండవచ్చును. అట్టివారు ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థవారు 2001 నుండి ప్రజలకు అందుబాటులో నుంచిన వేబ్యాక్ మెషీన్‌లో తమ వెబ్‌సైటు పేరు వ్రాసినచో పాత పుటలు పెక్కు బయటపడవచ్చును. సెర్చ్ కన్సోల్‌లో ‘404’ క్రింద చూపు పట్టికయు ఇందుకు ఉపకరించును. కనుక ఆలస్యమైనంత మాత్రమున నిరాశ అక్కరలేదు. మళ్లింపు తరువాత పెట్టినను పనిచేయును గాని, ఆ నడుమ కాలపు నష్టము మాత్రము తిరిగి రాదు.

చిట్టా వ్రాయుటలో అందఱును సులభమని చేయు పని యొకటి కలదు. పాత పుటలన్నిటిని ఒక్క ముఖపుటకే మళ్లించుట. ఇది మళ్లింపు కాదు. ట్రాక్టరు అద్దె రేట్లకై వచ్చిన రైతును ముఖపుటలో అధ్యక్షులవారి ఛాయాచిత్రము ఎదుట దింపినచో అతడేమి చేయును? వెనుకకు పోవును. గూగుల్ యంత్రమును ఇట్టి మళ్లింపును ఒప్పుకొనక, పుట లేనట్లే లెక్కించుట కలదు. ఎరువుల పుట ఎరువుల పుటకు, గిడ్డంగి పుట గిడ్డంగి పుటకు పోవలెను. నిజముగా నిలిపివేసిన పని యైనచో, దానికి సమీపమైన క్రొత్త పుట ఏదియు లేనిచో, 404 గాని 410 గాని యుండనిచ్చుటయే సత్యము.

స్థానిక వెదుకులాటకు అన్నిటికంటె ఎక్కువ నష్టము చేయునది శాఖల పుటలను ఒక్కటి చేయుట. ఒక సంఘమునకు మూడు గ్రామములలో మూడు ఎరువుల డిపోలు గలవనుకొందము. పాత వెబ్‌సైటులో మూడింటికి మూడు పుటలుండెను. ప్రతి పుటలోను ఆ గ్రామము పేరు, బస్సు దిగు చోటు, డిపో తెరచు వేళలు, అచ్చటి గుమాస్తా ఫోను నంబరు ఉండెను. క్రొత్త వెబ్‌సైటు చేసినవారు చూపునకు శుభ్రముగా నుండునని మూడింటిని ‘మా శాఖలు’ అను ఒకే పుటలో మూడు పంక్తులుగా కుదించిరి. మళ్లింపులన్నియు సరిగానే పెట్టిరి. ఐనను ఆ గ్రామముల పేర్లతో వెదకువారికి సంఘము కనబడుట తగ్గును. ఏలయనగా ఆ గ్రామమును గూర్చియే చెప్పు పుట ఇప్పుడు లేదు. మూడు ఊళ్ల నడుమ ఒక పంక్తి మాత్రమే యున్నది. ఇందుకు మందు మళ్లింపులో లేదు. మూడు పుటలను మరల నిలిపి, పాత చిరునామాలను వానికే మళ్లింపవలెను.

దీనినే మితి మీరి చేయువారును ఉన్నారు. డిపో లేని యేబది గ్రామములకు ఏబది పుటలు పెట్టి, ఊరిపేరు తప్ప తక్కినదంతయు ఒకే మాటగా నుంచుదురు. ఇట్టి పుటలను గూగుల్ వారు తమ నిబంధనలలో నిషేధించియున్నారు. చెప్పుటకు వేరుగా నొక విషయమున్న చోటనే వేరుగా నొక పుట యుండవలెను. మా డిపోలో ఈ నేలలకు తగిన వరి రకము లేవి నిలువయున్నవి, కాలువ నీరు వదలు కాలమున ఎన్ని గంటల వరకు తెరచియుందుము, బండి నిలుపు చోటు ఎక్కడ, అను నాలుగు మాటలు ఆ యూరి గుమాస్తా చెప్పగా వ్రాసినను చాలును. పట్టణములో కూర్చున్న వెబ్‌సైటు పనివానికి అవి తెలియవు.

మళ్లింపులు గొలుసుగా నుండరాదు. 2019లో నొకసారి, 2022లో నొకసారి, ఇప్పు డొకసారి పుటలు మార్చిన సంఘములో మొదటి చిరునామా రెండవదానికి, రెండవది మూడవదానికి పోవుచుండును. గూగుల్ యంత్రము ఒక గొలుసులో పది మెట్ల వరకు పోగలదందురు గాని వారి సలహా మూడింటిని మించవలదనియే. మొదటి చిరునామాను నేరుగా కడపటిదానికి మళ్లించుట గంటసేపటి పని. అట్లే వెబ్‌సైటులోపలి లింకులన్నియు క్రొత్త చిరునామాలనే చూపవలెను. సైట్‌మ్యాపును క్రొత్తదిగా చేసి సెర్చ్ కన్సోల్‌లో అప్పగింపవలెను. క్రొత్త వెబ్‌సైటును తయారుచేయు కాలమున గూగుల్ చూడకుండునట్లు పెట్టిన అడ్డు, అనగా ‘నోఇండెక్స్’ అను గుర్తును, తీయుట మరచిపోయినవారు కలరు. తలుపు తెరచి వెలుపల ‘సెలవు’ అను పలక వ్రేలాడదీసినట్లే. తెలుగు పుటకును ఇంగ్లీషు పుటకును ఒకదానికొకటి జతయని తెలుపు గుర్తులున్నచో అవియు క్రొత్త చిరునామాలతో రెండు వైపుల సరిపోవలెను.

తెలుగు మాటలతోనే పుట చిరునామా పెట్టుకొనిన సంఘములు ఇచట కొంచెము జాగ్రత్త పడవలెను. యంత్రములు తెలుగు అక్షరమును నేరుగా పంపవు. ఒక్కొక్క గుర్తును మూడు బైట్లుగా విడగొట్టి, ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతోను మఱి రెండు గుర్తులతోను వ్రాయును. ‘ధాన్యం’ అను మాటలో యంత్రము లెక్కించునవి ఆరు: ధకారము, దీర్ఘము, నకారము, పొల్లు, యకారము, సున్న. ఆరు తొమ్ములు ఏబదినాలుగు. మనము చదువునప్పుడు రెండక్షరముల మాట. యంత్రముల నడుమ పోవునప్పుడు 54 గుర్తుల దండ. వాట్సాప్‌లో నకలు చేయునప్పుడు ఈ దండ తోక తెగినచో పుట దొరకదు. మళ్లింపు చిట్టాలో ఒక్క గుర్తు తప్పినను అంతే. గూగుల్ వారికి తెలుగు చిరునామాలయెడ ఆక్షేపణ లేదు. చదువరుల భాషలోనే పెట్టుకొనుడని వారును చెప్పుదురు. ఐనను పుట శీర్షికయు లోపలి విషయమును చక్కని తెలుగులో నుంచి, చిరునామాను మాత్రము పొట్టి ఇంగ్లీషు అక్షరములలో నుంచుటయే పల్లెటూరి వాడుకకు అనువని మా అభిప్రాయము. ఇదివరకే తెలుగులో నున్నవానిని ఇందుకొఱకు మాత్రమే మార్చనక్కరలేదు.

మళ్లింపులను ఎంతకాలము ఉంచవలెను? కనీసము ఒక సంవత్సరమని గూగుల్ వారి సలహా. పట్టణపు దుకాణములకు అది చాలవచ్చును గాని రైతు సంఘములకు చాలదు. మన సభ్యుడు విత్తనపు పుటను ఏడాదికొకమారు తెరచును. నిరుటి జ్యేష్ఠములో వచ్చిన వాట్సాప్ సందేశమును ఈ జ్యేష్ఠములో వెదకి తీసి, దానిలోని లింకునే నొక్కును. సంవత్సరము నిండగానే మళ్లింపు తీసివేసినచో అతడు వచ్చు సమయమునకే దారి మూసినట్లగును. రసీదు పుస్తకముల మీద, గోడల మీద, పాసుపుస్తకముల అట్టల మీద అచ్చువేయించిన క్యూఆర్ గుర్తుల సంగతి చెప్పనేల? అచ్చయినదానిని దిద్దలేము. అందుచేత సంఘము బ్రతికియున్నంతకాలము మళ్లింపులు ఉండవలెనని మేము చెప్పుదుము. వానికి ఖర్చును లేదు. మొత్తము వెబ్‌సైటు పేరే మారినచో మాత్రము పాత పేరునకు ఏటేటా రుసుము కట్టుచు నిలుపుకొనవలెను. మానినచో ఆ పేరును పరులెవరైనను కొనుక్కొని, మన సభ్యులకు తమ సరకు చూపవచ్చును. పేరు మారినప్పుడు సెర్చ్ కన్సోల్‌లో ‘చిరునామా మార్పు’ అను వసతిని వినియోగింపవలెను. ఒకే పేరు క్రింద పుటలు మాత్రము మారినచో ఆ వసతితో పని లేదు.

పరుల స్థలములో పాక వేసికొనిన వారి కెట్టి యిబ్బంది వచ్చునో 2024లో ఎల్లరును చూచిరి. గూగుల్ వారు చిన్న వ్యాపారులకు ఉచితముగా ఇచ్చిన ఒంటిపుట వెబ్‌సైట్లను ఆ సంవత్సరము మార్చిలో నిలిపివేసిరి. జూన్ 10వ తేదీ వరకు ఆ చిరునామాలకు వచ్చినవారిని ఆయా సంస్థల ప్రొఫైలునకు పంపుచుండిరి. పిమ్మట ఆ వసతియు పోయెను. మృగశిర కార్తె ప్రవేశించిన రెండు మూడు దినములకే యన్నమాట. ఆ పుట తప్ప వేరు లేని ఎరువుల కొట్లకు, సంఘములకు అంతకంటె చెడ్డ ముహూర్తము ఉండదు. ఆ చిరునామా తమది కాదు గనుక 301 పెట్టుకొనుటకును వీలు లేదు. అట్టివారు చేయగలిగినది, సొంత పేరుతో వెబ్‌సైటు పెట్టుకొని, పాత చిరునామా ఎక్కడెక్కడ వ్రాసియున్నదో వెదకి దిద్దుకొనుట. సొంత పేరునకు సంవత్సరమునకగు ఖర్చు స్వల్పము. సహకార సంఘములకే ప్రత్యేకింపబడిన ‘.కోప్’ అను అంతమును కలదు, మామూలు ‘.ఇన్’ ఐనను చాలును.

వెబ్‌సైటు సంగతి ఇంతటితో ముగిసినను పటము సంగతి మిగిలియున్నది. పటములో సంఘమునకు గల ఖాతాను గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అందురు. 2021 నవంబరునకు పూర్వము దీనికే గూగుల్ మై బిజినెస్ అని పేరు. పుటలు మారిన దినముననే ఈ ప్రొఫైలులోని వెబ్‌సైటు లింకును దిద్దవలెను. ప్రతి డిపోకును వేరు ప్రొఫైలున్నచో ఆ డిపో పుటకే లింకు ఇయ్యవలెను. మళ్లింపు ఉన్నది గదా యని పాత లింకును వదలుట తగదు. వాట్సాప్ వ్యాపార ఖాతాలోను, ఫేస్‌బుక్ పుటలోను, ఆపిల్ పటములలోను, జిల్లా సహకార బ్యాంకు వారి జాబితాలోను ఉన్న లింకులను గూడ ఒక్కొక్కటిగా దిద్దుకొనవలెను.

వెబ్‌సైటు క్రొత్తదైనది గనుక ప్రొఫైలును గూడ క్రొత్తది తెరవవలెనని కొందఱు భ్రమపడుదురు. ఇది మిక్కిలి హానికరము. సభ్యులు ఏండ్ల తరబడి వ్రాసిన సమీక్షలు వెబ్‌సైటునకు కాక ప్రొఫైలునకు అంటియుండును. వెబ్‌సైటు మారినను అవి పోవు. క్రొత్త ప్రొఫైలు తెరచినచో అవి పాతదానియందే యుండిపోవును. ఒకే డిపోకు పటములో రెండు గుర్తులు కనబడును. పాత ప్రొఫైలు తాళము ఎవరియొద్ద నున్నదో తెలియకపోవుటయే సాధారణముగా ఈ పొరపాటునకు మూలము. బదిలీయైన కార్యదర్శి స్వంత ఖాతాతో తెరచినది ఆయనతోనే పోవును. సంఘము పేరిట నొక ఈమెయిలు పెట్టి, దానిని యజమానిగా వ్రాయించి, పాలకవర్గములో నొకరిని, ఉద్యోగులలో నొకరిని నిర్వాహకులుగా చేర్చినచో ఈ చిక్కు ఉండదు. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది నిజమే. కాని అది లెక్కలకు, ఋణములకు సంబంధించినది. పటములో మన గుర్తు ఎక్కడ నున్నదో చూచుట మన పనియే.

ఆ గుర్తు డిపో గుమ్మమునకు సరిగా నుండవలెను. కొత్తపల్లి, రామాపురము వంటి పేర్లు గల ఊళ్లు మన రాష్ట్రములలో ఎన్ని గలవో చదువరు లెఱుగుదురు. గుర్తు మఱియొక కొత్తపల్లిలో పడినచో దూరపు లెక్కయంతయు తలక్రిందులగును. పేరు, చిరునామా, ఫోను నంబరు ఈ మూడును వెబ్‌సైటులోను, ప్రొఫైలులోను, ఇతర జాబితాలలోను ఒకే విధముగా నుండుటయు అవసరము. ఇచట మనకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. 2016 అక్టోబరు 11న తెలంగాణములో 10 జిల్లాలు 31 ఆయెను. 2019లో మఱి రెండు చేరెను. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశములో 13 జిల్లాలు 26గా ఏర్పడెను. నరసరావుపేట గుంటూరు జిల్లానుండి పల్నాడు జిల్లాకును, అమలాపురము తూర్పుగోదావరినుండి కోనసీమ జిల్లాకును పోయినవి. పాత పుటలలో పాత జిల్లా పేరు, ప్రొఫైలులో క్రొత్తది, బ్యాంకు జాబితాలో మఱియొకటి యున్నచో యంత్రము తికమకపడుట వింత కాదు. చిరునామా పంక్తిలో క్రొత్త జిల్లానే వ్రాసి, పుట లోపలి వాక్యములలో ‘పూర్వపు గుంటూరు జిల్లా’ అని ఒకచోట చెప్పినచో పాత పేరుతో వెదకు పెద్దలకును సంఘము కనబడును. సంఘము పేరునకు తోకగా ‘ఉత్తమ విత్తనములు, చౌక ఎరువులు’ అని ప్రొఫైలులో చేర్చుట మాత్రము నిబంధనలకు విరుద్ధము, ప్రొఫైలు నిలిపివేయబడవచ్చును.

సమీక్షలను గూర్చి రెండు మాటలు. సరకు తీసికొనిపోవు సభ్యుని ‘మీ అభిప్రాయము వ్రాయుడు’ అని అడుగుటలో తప్పు లేదు. అందులకు బహుమానము గాని, తగ్గింపు గాని ఇయ్యరాదు. ప్రతికూలముగా వ్రాసినవారికి మర్యాదగా జవాబు వ్రాయుట ఇతర సభ్యులు చదువుదురు గనుక మేలు.

ఇక కాలము. పుటలు మార్చుటకు రాకపోకలు తక్కువగా నుండు దినములు మంచివని గూగుల్ వారును చెప్పుచున్నారు. మనకు ఖరీఫ్ విత్తనములకు మూడు నెలల ముందుగా, అనగా ఫిబ్రవరి మార్చి నెలలలో, ఈ పని ముగించుట యుక్తము. ఒక మోస్తరు వెబ్‌సైటు పుటలన్నియు గూగుల్ దస్తరములో మారుటకు కొన్ని వారములు పట్టును. ఆ వారములలో స్థానము పైకి క్రిందికి ఊగును. ఆ ఊగులాటను చూచి బెదరి, పుటలను మరల వెనుకకు మార్చువారు చేజేతుల చిక్కు తెచ్చుకొందురు. నారు పీకి నాటిన మడి నాలుగు దినములు వాడి పిమ్మట తేరుకొనుట మనకు తెలియనిది కాదు. పై చిట్టా సరిగానున్నదా యని చూచి ఊరకుండవలెను. రెండు నెలలైనను తేరుకొననిచో మళ్లింపులను, నోఇండెక్స్ గుర్తును, శాఖల పుటలను మరల పరీక్షింపవలెను.

స్థానము పెరిగెనో తరిగెనో కార్యాలయములో కూర్చుండి తన ఫోనులో వెదకి చూచుకొనువారు మోసపోవుదురు. వెదకువారు ఉన్న చోటినిబట్టి జవాబు మారును గనుక సంఘము గదిలో వెదకినచో సంఘమే ముందు వచ్చును. ఐదు మైళ్ల దూరములోనున్న సభ్యునిచేత వెదకించి చూడవలెను. సెర్చ్ కన్సోల్‌లో ఎంతమంది వచ్చిరను లెక్క 16 నెలలు నిలుచును. ఆ లెక్కను గత నెలతో కాక గత సంవత్సరము అదే నెలతో పోల్చవలెను. జూలైలో వచ్చినవారికంటె సెప్టెంబరులో విత్తనపు పుటకు తక్కువమంది వచ్చుట వెబ్‌సైటు దోషము కాదు, ఋతుధర్మము. జూన్‌ను జూన్‌తో పోల్చినప్పుడే నిజము తెలియును. పదునారు నెలలు దాటిన లెక్క మాయమగును గనుక ప్రతి సంవత్సరము సీజను ముగియగానే దానిని దింపి దస్తరములో భద్రపఱచుకొనవలెను.

వెబ్‌సైటు పని ఇతరులకు ఒప్పగించు సంఘములు ఒడంబడికలో కొన్ని షరతులు చేర్చుకొనవలెను. పాత క్రొత్త చిరునామాల చిట్టాను పనికి ముందే పాలకవర్గమునకు చూపవలెను. మళ్లింపులు 301గా పెట్టి, ఒక్కొక్కటి పనిచేయుచున్నట్లు కార్యదర్శి ఎదుట తెరచి చూపవలెను. సర్వరు, వెబ్‌సైటు పేరు, సెర్చ్ కన్సోల్, ప్రొఫైలు ఈ నాలుగింటి తాళములు సంఘము పేరిట నుండవలెను. పనిమొత్తములో కొంత భాగమును పుటలు మారిన అరువది దినముల పిమ్మట, 404 పట్టిక చూచుకొని చెల్లింపవలెను. ఈ షరతులకు ఒప్పుకొనని పనివారిని వదలి, ఒప్పుకొను మఱియొకరిని వెదకుకొనుట మేలని మా సలహా. చిట్టా యొక్క నకలు మినిట్సు పుస్తకములో అంటించి యుంచినచో తరువాత వచ్చు కార్యదర్శికి పాత చిరునామాలకై వెదకు శ్రమ తప్పును.